విడువని ఎఱుపు

ధ్యానభాగము: యెషయా 1:10–20

ఇంటిలో తన చేతులతో ఉన్నికి రంగు వేసిన స్త్రీ యెషయా గ్రంథము మొదటి అధ్యాయము పదునెనిమిదవ వచనమును చదివినప్పుడు, అది ఇతరులకు తోచినట్లు ఆమెకు తోచదు. ఇతరులు దానిని ఓదార్పు మాటగా విందురు. ఆమె మొదట దానిని అసాధ్యమైన మాటగా వినును. ఎఱ్ఱగా రంగు పట్టిన ఉన్ని గొఱ్ఱె వీపుమీద నున్నప్పటి తెలుపునకు తిరిగి వచ్చునని ప్రవక్త చెప్పుచున్నాడు. అట్టిది ఆమె వంటయింటిలో ఎన్నడును జరుగలేదు.

రంగు వేయు విధమును కొంచెము తెలిసికొనిన యెడల ఆమె ఆశ్చర్యము అర్థమగును. ఉన్నిని కడిగి, జిడ్డు పోగొట్టి, పటిక కరగించిన నీటిలో సన్నని మంటపై చాలసేపు కాచెదరు. రంగును పట్టి యుంచునది ఆ పటికయే. తరువాత రంగు పాత్రలో దించి, నీరు మరుగనీయక మెల్లగా వేడి చేయుదురు. ఉన్ని తొందరను సహింపదు. వేడినీటిలోనుండి తీసి ఒక్కసారిగా చన్నీటిలో ముంచినను, కఱ్ఱతో గట్టిగా కలియబెట్టినను, పోగులు ఒకదానితో ఒకటి పెనవైచుకొని గడ్డకట్టును. ఇక వాటిని విడదీయుట ఎవరి తరమును కాదు. ఓర్పుతో చేసినప్పుడో, రంగు పోగుమీద నిలువక పోగులోనికే దిగును. ఉదికినను పోదు. రంగు నచ్చనియెడల దానిపై మరియొక రంగు వేయవచ్చును. పసుపును ఆకుపచ్చగా మార్చవచ్చును, ఎఱుపును నలుపు చేయవచ్చును. రంగుల విద్య ఎల్లప్పుడు చీకటి వైపునకే నడచును. ముదురు ఎఱుపును తెలుపు చేయు మార్గము ఆ విద్యలో లేదు.

పైగా ప్రవక్త పలికినది ఏదో వెలిసిపోవు కచ్చా రంగు కాదు. హెబ్రీ భాషలో ఆ వచనమున ఎఱుపునకు రెండు మాటలున్నవి; రెండవ మాటకు మూలార్థము పురుగు. మధ్యధరా తీరదేశములలో సింధూర జాతి వృక్షముల కొమ్మలకు అంటుకొని జీవించు ఒక చిన్న పురుగు కలదు. అది కదలక గింజవలె కనబడునందున గ్రీకులు దానిని గింజయనియే పిలిచిరి. ఆడుపురుగులను ఒక్కొక్కటిగా ఏరి, ఎండబెట్టి, నూరి ఆ ఎఱ్ఱరంగు తీయుదురు. కొద్దిపాటి రంగునకు లెక్కలేనన్ని పురుగులు కావలెను. ప్రత్యక్షపు గుడారము యొక్క తెరలకును, యాజకుని వస్త్రములకును నీలముతోను ధూమ్రముతోను కూడ వాడబడిన ఎఱుపు ఇదే. ఆ నూలును వడికినవారు స్త్రీలనియు, తమ చేతులతో వడికి తెచ్చిరనియు నిర్గమకాండము 35వ అధ్యాయము ప్రత్యేకముగా వ్రాసియున్నది. అరణ్యములో, గుడారముల నీడలో, పేరు తెలియని స్త్రీలు వడికిన దారము దేవుని గ్రంథములో స్థానము సంపాదించుకొనెను. ఇది చిన్న సంగతి కాదు. దేవుడు తెరను చూచునప్పుడు వడికిన చేతులనుకూడ చూచుచున్నాడు.

ఈ పదునెనిమిదవ వచనమును అందముగా వ్రాయించి గోడకు తగిలించుట క్రైస్తవ గృహములలో వాడుక. మంచి వాడుకయే. అయితే దానికి ముందున్న మూడు వచనములను వ్రాయించి తగిలించిన ఇల్లు అరుదు. పదునైదవ వచనములో దేవుడు, తనవైపు చాపబడిన చేతులను చూడక కన్నులు కప్పుకొందునని చెప్పుచున్నాడు. ఏలయనగా ప్రార్థనలో ఎత్తబడిన ఆ చేతులు రక్తముతో నిండియున్నవి. పదునారవ వచనములో కడుగుకొనుడని ఆజ్ఞాపించుచున్నాడు. పదునేడవ వచనములో ఆ కడుగుట ఏమిటో వివరించుచున్నాడు: న్యాయము వెదకుట, హింసింపబడువానిని విడిపించుట, తండ్రిలేనివానికి న్యాయము తీర్చుట, విధవరాలి పక్షమున వాదించుట. ఇరువది మూడవ వచనములో, విధవరాలి వ్యాజ్యెము అధికారులయొద్దకు చేరనే చేరదని మరల అదే ఫిర్యాదు. ఈ రెంటి నడుమ, సరిగా మధ్యలో, ఎఱుపును గూర్చిన వాగ్దానము ఉన్నది. గనుక ఆ ఎఱుపు ఏదో పేరులేని సాధారణ పాపము కాదు. విధవరాలికి చెందవలసినదానిని పట్టుకొని, అదే చేతిని ప్రార్థనలో ఎత్తినవాని చేతిమీది ఎఱుపు అది.

విధవరాలి వ్యాజ్యెము ఎట్టిదో చూచుటకు యూదయ వరకు పోనక్కరలేదు. సన్నని ఉన్ని శాలువల అల్లికకు లోకమంతట పేరుపొందిన చోటు స్కాట్లాండుకు ఉత్తరమున సముద్రమధ్యమున నున్న షెట్లాండు ద్వీపములు. అక్కడి గొఱ్ఱెలు చిన్నవి. వాటి బొచ్చు మిక్కిలి మెత్తనిది. ఎండకాలమున ఆ బొచ్చు తనంతట వదులైనప్పుడు కత్తెర వేయక చేతితోనే లాగి తీయుట పూర్వపు వాడుక. మెడ దగ్గరి మెత్తని బొచ్చును శాలువలకు వేరుగా ఉంచెదరు. ఉత్తరపు కొసనున్న అన్స్ట్ ద్వీపపు స్త్రీలు దానిని వెండ్రుకకంటె సన్నగా వడికి, రెండు గజముల చదరపు శాలువను అల్లిన యెడల, అది పెండ్లి ఉంగరములోనుండి దూరి బయటికి వచ్చును. తూకమునకు మూడు ఔన్సులైనను ఉండదు. పెద్దది, చల్లని గాలిని ఆపునది, అయినను భుజముమీద ఉన్నదో లేదో తెలియనంత తేలిక.

దినదినము కప్పుకొను శాలువలు దీనికంటె మందము. వాటి అంచులకు గొఱ్ఱె సహజవర్ణములైన గోధుమ, బూడిద, నలుపు వన్నెలను వరుసగా కూర్చుదురు. కొన్నిటికి ఇంటిలో వేసిన రంగులు వాడుదురు. తెలుగువారి మసాలా డబ్బాలో ఉండు రాతిపువ్వు జాతికి చెందినదే ఒకటి అక్కడి సముద్రపు బండలకు అంటుకొని పెరుగును. దానిని గీకి తెచ్చి, పులిసిన మూత్రములో వారములతరబడి నానబెట్టి, ఊదా కలిసిన ఎఱుపును తీసెడివారు. కంపు భరింపరానిది, రంగు మనోహరము. నీలిమందును, మంజిష్ఠ వేరును ఓడలలో వచ్చినవి కొనెడివారు. శాలువ పూర్తియైన తరువాత కడిగి, తడిగా ఉండగనే ఒక కొయ్య చట్రమునకు నలుప్రక్కల లాగి బిగించి ఆరబెట్టుదురు. అప్పటివరకు నలిగిన గుడ్డవలె నున్నది అప్పుడు విప్పుకొని, అలలు, ఆకులు, పక్షి కన్నులు స్పష్టముగా కనబడును. ఈ చట్రమును గూర్చి శ్రమల పాఠమొకటి చెప్పుట ప్రసంగీకులకు ఇష్టము. చక్కని పాఠమే. కాని చట్రమును చూచుచు, దాని ప్రక్కన ఆకలితో నిలిచిన స్త్రీని చూడక పోవుట పాఠము కాదు.

ఆమె ఎవరు? ఆమె భర్త తెరచియున్న పడవలో నడిసముద్రమున చేపలు పట్టువాడు. 1881 జూలై 20వ తేదీ రాత్రి తుఫానులో గ్లూప్ అను రేవునుండి బయలుదేరిన పది పడవలు తిరిగి రాలేదు. ఏబది యెనిమిదిమంది మునిగిరి. ముప్పది నలుగురు స్త్రీలు విధవరాండ్రైరి. ఎనుబది అయిదుగురు పిల్లలు తండ్రిలేనివారైరి. 1832లో ఇంతకంటె పెద్ద తుఫాను నూటికి పైగా పురుషులను మ్రింగెను. అట్టి ఇండ్లలో మిగిలినది అల్లిక సూదులు. శీతకాలమున పగలు ఆరు గంటలైనను ఉండదు. చేపనూనె దీపపు వెలుగులో తెల్లని దారమును కన్నులతో గాక వ్రేళ్లతో చదువుకొనుచు ఆమె అల్లెను. పగలు వీపుమీద పొయ్యిలోనికి మట్టిపెళ్లల గంప మోయుచు, నడచుచు, నడుమునకు కట్టిన తోలుపట్టీకి సూదిని ఆనించి, అల్లుచునే యుండెను. ఖాళీ చేతులతో నడచుట ఆ స్త్రీలకు తెలియదు.

షెట్లాండు అల్లికలు 1837లో విక్టోరియా రాణికి కానుకగా అందెను. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో ఆ శాలువలను చూచి జనులు విస్మయమందిరి. గొప్ప కుటుంబముల స్త్రీలు వాటిని కోరి కొనిరి. మరి వెల ఎవరిని చేరెను? 1872లో విలియం గత్రీ అను కమీషనరు లెర్విక్ పట్టణమునకు వచ్చి, అల్లిక స్త్రీలను ప్రమాణము చేయించి విచారించెను. ఆయన ముందు వారు చెప్పిన సంగతి ఇది: వర్తకుడు శాలువను తీసికొని డబ్బు ఇయ్యడు, దానికి మారుగా తన అంగడిలోని టీ ఆకు, బట్ట మొదలగు సరకులు ఇచ్చును. ఇంటిలో పిండి లేదు, అద్దెకు రొక్కము లేదు, చేతిలో టీ పొట్లము ఉన్నది. ఆమె ఆ పొట్లమును పట్టుకొని ఇరుగుపొరుగు ఇండ్లకు పోయి, పిండికొరకు, బంగాళాదుంపలకొరకు మార్పిడి చేసికొనవలెను. టీ మంచిదే, పిల్లల కడుపు నింపుటకు పనికిరాదు. ఆ వర్తకులు దేవుని ఎరుగని దేశమువారు కారు. ఆదివారమున గంట మ్రోగిన ఊళ్లలోనే ఈ లెక్కలు వ్రాయబడెను.

ఈ మాట చదువుచున్న తెలుగు విశ్వాసి, దూరపు ద్వీపమును తప్పుపట్టి ఊరకుండజాలడు. పందొమ్మిదవ శతాబ్దమున గోదావరి ప్రాంతమునకు వచ్చిన మిషనరీలు పేద విశ్వాసినులకు లేసు అల్లిక నేర్పిరి. జీవనోపాధి కలుగవలెనన్నదే వారి ఉద్దేశము. అందులో దోషము లేదు. నర్సాపురము చుట్టుపట్ల గ్రామములలో అది వేరూని, క్రైస్తవ స్త్రీలనుండి ఇతర కులముల స్త్రీలకును ప్రాకెను. గడప దాటరాని ఇంటి కోడండ్రును అరుగుమీద కూర్చుండి క్రోషే సూదితో అల్లిరి. ఆ లేసు ఓడలెక్కి పాశ్చాత్య దేశముల భోజనపు బల్లలను అలంకరించెను. మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రవేత్త 1978–79 ప్రాంతమున ఆ గ్రామములలో తిరిగి, ఆ స్త్రీలతో మాటలాడి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటి చాకిరి యావత్తు చేసికొని, దానిపైన దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లిన స్త్రీకి దక్కినది ఒక రూపాయికూడ కాదు. పొలము కూలి స్త్రీకి ప్రభుత్వము నిర్ణయించిన కనిష్ఠ వేతనములో మూడవ వంతునకును అది తక్కువ. దీనికి అందరు చెప్పిన సమాధానము ఒక్కటే: అది పని కాదు, తీరిక వేళ కాలక్షేపము, ఆమె కార్మికురాలు కాదు, ఇల్లాలు. ఈ ఒక్క మాట ఎందరి చేతులకు రంగు పులిమెనో దేవునికి తెలియును. కాలక్షేపమైనచో, వర్తకుడు గడువు ఎందుకు పెట్టెను?

ఇప్పుడు లోకమున అనేకులు నిజముగనే తీరికకై అల్లుచున్నారు. తమ వంటయింటిలోనే ఊలుకు రంగు వేసికొని, షెట్లాండు మాదిరులను చూచి శాలువలు అల్లి, తల్లికో కుమార్తెకో కానుక ఇచ్చుచున్నారు. అది నిర్దోషమైన ఆనందము. చేతులకు పని చెప్పి మనస్సునకు నెమ్మది కలిగించునది. అట్టివారికి ఒక మేలు కలదు. ఒక్క శాలువను స్వయముగా అల్లినవారు ఇక ఏ శాలువయొక్క వెలను చూచియు, ఇంత ఎందుకని బేరమాడలేరు. కుట్టు జారినప్పుడు పది వరుసలు విప్పి మరల అల్లిన రాత్రి వారికి జ్ఞాపకముండును.

కూలిని గూర్చి దేవుని వాక్యము మౌనముగా లేదు. దరిద్రుడైన కూలివాని జీతము సూర్యుడు అస్తమింపకమునుపు ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము విధించుచున్నది. వాడు దానిమీదనే ప్రాణము పెట్టుకొని యున్నాడని కారణము చెప్పుచున్నది. పొరుగువానిచేత ఊరక పని చేయించుకొనువానికి శ్రమయని యిర్మీయా 22వ అధ్యాయములో ప్రవచించుచున్నాడు. యాకోబు పత్రిక 5వ అధ్యాయము నాలుగవ వచనము అన్నిటికంటె భయంకరమైనది. అక్కడ మొఱ్ఱపెట్టునది కూలివారు మాత్రమే కాదు; బిగపట్టబడిన కూలియే మొఱ్ఱపెట్టుచున్నది. నోరులేని డబ్బు, ఇయ్యనివాని పెట్టెలోనుండి, కేకలు వేయుచున్నది. పెట్టెకు తాళము వేసినను ఆ స్వరము సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని చేరుచున్నది. ప్రార్థనామందిరములో ప్రసంగవేదికపై పరచిన లేసు గుడ్డ ఏ వెలకు కొనబడినదో ఏ సంఘ పెద్దయు సాధారణముగా అడుగడు. ఇంటిలో కుట్టుపని చేసి పెట్టిన విధవరాలికి, పండుగ తరువాత ఇచ్చెదమని చెప్పి పంపివేసి, పండుగ ఆరాధనలో చేతులెత్తిన గృహములు లేవని ఎవరు చెప్పగలరు?

అట్లయినచో ఈ ఎఱుపు ఎట్లు పోవును? షెట్లాండు స్త్రీలకు తెలుపు చేయు పద్ధతి ఒకటి ఉండెను. కడిగిన శాలువను పీపాలో వ్రేలాడదీసి, అడుగున గంధకము కాల్చి, మూతవేసి పొగబెట్టెడివారు. పసుపు చాయ పోయి శాలువ మెఱయును. అయితే గమనింపవలసినది ఏమనగా, ఆ పొగ సహజముగా తెల్లనైన ఉన్నినే మరికొంత తెల్లచేయును. పటికతో ఎక్కిన ఎఱుపును గొఱ్ఱె తెలుపునకు మరలించుట దాని వలన కాదు. మనుష్యుని సంస్కరణములన్నియు ఇట్టివే. ఇంచుమించు మంచివానిని మరికొంచెము మంచివానిగా కనబరచును. యెషయా కాలపు యెరూషలేము వాసులు బలులు, అమావాస్య పండుగలు, దీర్ఘ ప్రార్థనలు అను పొగ చాల వేసిరి. చేతుల ఎఱుపు చెక్కుచెదరలేదు.

దేవుడు మరియొక మార్గము తీసికొనెను. ఇరువది రెండవ కీర్తన, ఆరవ వచనములో శ్రమపడువాడు తన్ను తాను పురుగునని చెప్పుకొనుచున్నాడు. హెబ్రీ మూలమున ఆ మాట, యెషయా చెప్పిన ఎఱుపు మాట, ఒకే మూలమునకు చెందినవి. ఆ కీర్తన మొదటి పలుకులను ప్రభువు సిలువమీద తన నోట పలికెను. రంగు వేయువాడు పురుగును నలుగగొట్టి రంగు తీయును. ఇక్కడ పాపుల ఎఱుపు తీసివేయుటకు ఆయనే నలుగగొట్టబడెను. సిలువకు ముందు సైనికులు ఆయనకు తొడిగిన అంగీ వర్ణమునకు మత్తయి వాడిన గ్రీకు మాటయు, ఆ గింజ పేరునుండి పుట్టినదే. అపహాస్యమునకే తొడిగిరి, కాని ఇతరుల చేతుల రంగు ఆయన భుజములమీద పడెనని చూచువారికి కనబడుచున్నది. తరువాత ఆయన స్వంత వస్త్రము తీసికొని చీట్లు వేసిరి. అది కుట్టు లేక పైనుండి క్రిందివరకు ఏకముగా నేయబడినది. ఎవరు నేసిరో వాక్యము చెప్పదు. ఏ ఇంటి స్త్రీ యెన్ని దినములు కూర్చుండి నేసెనో, సైనికులకును పట్టలేదు. ఆ పని చేతులను ఎరిగిన ఒక్కడు మాత్రము దానిని తీసివేయించుకొని పైన వ్రేలాడుచుండెను.

ప్రకటన గ్రంథము 7వ అధ్యాయములో గొప్ప సమూహము తమ వస్త్రములను గొఱ్ఱెపిల్ల రక్తములో ఉదికి తెల్లచేసికొనిరని వ్రాయబడియున్నది. రంగువేయు స్త్రీ ఈ మాటకు నవ్వును. నవ్విన తరువాత ఆమెయే దానిని అందరికంటె లోతుగా నమ్మును; ఏలయనగా ఇది తన విద్యలో లేనిదని, తన వంటి చేతులవలన కానిదని ఆమెకే బాగుగా తెలియును.

అయితే ఈ తెలుపును ముసుగుగా వాడుకొనరాదు. కృప వచ్చినది గనుక లెక్క కొట్టివేయబడినదని చెప్పువాడు పదునెనిమిదవ వచనమును చదివెను, పదునేడవ వచనమును చదువలేదు. తుయతైర పట్టణము రంగువారి సంఘము గల ఊరని అక్కడి శిలాశాసనములు తెలుపుచున్నవి. ఆ ఊరి లూదియ, ఊదారంగు వస్త్రముల వర్తకురాలు, ఫిలిప్పీలో హృదయము తెరువబడిన దినముననే ఇంటి తలుపును తెరచెను. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు ఆమెను గూర్చి సాక్ష్యము చెప్పినవారు సంఘ పెద్దలు కారు. ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను చేతపట్టుకొని ఏడ్చుచు నిలిచిన విధవరాండ్రు. యెషయా కాలమున ఏ గుమ్మము దాటజాలని వ్యాజ్యెము, అక్కడ పేతురు ముందు మేడగదిలో వినబడెను.

జక్కయ్య సంగతి ఇంకను స్పష్టము. ప్రభువు అతని ఇంటికి బస చేయ వచ్చుటకు ముందు అతడు ఒక్క కాసైనను తిరిగి ఇచ్చినట్లు లూకా వ్రాయలేదు. మొదట ప్రభువు వచ్చెను. లెక్క తరువాత వచ్చెను. అయినను అది మరునాటికి వాయిదా పడలేదు. అతడు నిలువబడి, ఆస్తిలో సగము బీదలకనియు, అన్యాయముగా తీసికొనినది నాలుగంతలు మరల చెల్లింతుననియు, అందరి యెదుట పలికెను. రక్షణ ఆ ఇంటికి వచ్చెనని ప్రభువు చెప్పినది ఆ మాట విన్న తరువాతనే. నాలుగంతలు చెల్లించుటకు జక్కయ్య యెరికోలో ఎన్ని ఇండ్ల తలుపులు తట్టవలసి వచ్చెనో లూకా చెప్పలేదు. వాటిలో విధవరాండ్ర ఇండ్లును ఉండియుండవచ్చును.